ఆ సంచిలో ఉన్నది ఎవరు?

తెల్లటి హాకీ మాస్క్ చూపించి 'ఇదెవరు?' అనడిగితే, సినిమా చూడనివాళ్లు కూడా ఠక్కున 'జేసన్' అంటారు. టీషర్టులు, మీమ్స్, గేమ్స్.. ఎక్కడ చూసినా ఆ మాస్కే. కానీ జేసన్ పెద్దవాడై, కత్తి పట్టుకుని మనుషుల వెంటపడింది మొదటిసారి 1981లో వచ్చిన 'ఫ్రైడే ద థర్టీన్త్ పార్ట్ 2'లో. తమాషా ఏంటంటే, అందులో ఆ మాస్కే లేదు! తలకి ఓ గుడ్డ సంచి, దానికి ఒకే ఒక్క కంటి రంధ్రం. అంతే. హాకీ మాస్క్ వచ్చింది 1982లో, మూడో భాగంలో.

ఇంకో తమాషా కూడా ఉంది. 'ఆ సంచిలో ఉన్న మనిషి ఎవరు?' అంటే సినిమా టైటిల్స్ చెప్పే పేరు ఒకటి, షూటింగులో చెమటోడ్చిన మనిషి పేరు ఇంకొకటి.

స్లాషర్ సినిమాలంటే, అదే.. ఎవడో ఒకడు ముసుగేసుకొచ్చి వరసగా ఒక్కొక్కరినీ చంపుకుంటూ పోయే సినిమాలంటే, నాకు బీటెక్ హాస్టల్ రోజుల నుంచీ పిచ్చి. పెన్‌డ్రైవ్‌లో తిరిగిన సినిమాలన్నీ చూసేశాను. ఉద్యోగంలో చేరాక మాత్రం ఒక కొత్త అలవాటు పట్టుకుంది. సినిమా అయ్యాక లేచిపోకుండా, చివర పైకి జరిగే పేర్లు చదవడం. ఈ సీక్వెల్ పేర్లు చదివితే, అసలు కథకంటే అదే ఎక్కువ థ్రిల్లర్‌లా అనిపించింది. నలభై ఏళ్లు దాటిన సినిమా కాబట్టి, స్పాయిలర్లు చెప్పానని తిట్టుకోకండి.

ముందు మొదటి భాగం సంగతి. 1980లో షాన్ కన్నింగ్‌హామ్ తీశాడు. ఖర్చు సుమారు 5.5 లక్షల డాలర్లు. ఒక్క అమెరికాలోనే దాదాపు 4 కోట్ల డాలర్లు వచ్చాయి. అంత లాభం చూశాక ఎవరాగుతారు? ఏడాది తిరిగేసరికి రెండో భాగం థియేటర్లలో ఉంది. చిక్కల్లా ఏంటంటే, మొదటి భాగంలో హంతకుడు జేసన్ కాదు, వాళ్లమ్మ. ఆవిడ చివర్లో చనిపోతుంది. జేసనేమో చిన్నప్పుడే చెరువులో మునిగిపోయాడని కథ. మరి సీక్వెల్‌లో చంపేదెవరు? మునిగిపోయాడనుకున్న పిల్లాణ్నే పెద్దవాణ్ని చేసి తీసుకొచ్చారు.

ఇక టీమ్ సంగతి. కన్నింగ్‌హామ్ మళ్లీ డైరెక్ట్ చేయలేదు. మొదటి సినిమాకి అసోసియేట్ ప్రొడ్యూసర్‌గా ఉన్న స్టీవ్ మైనర్‌కి ఆ కుర్చీ దక్కింది. డైరెక్టర్‌గా అతనికిదే మొదటి సినిమా. మొదటి భాగంలో ఆ భయంకరమైన చావుల్ని చేతులతో తయారుచేసిన మేకప్ నిపుణుడు టామ్ సవీని రాలేదు. 'ద బర్నింగ్' అనే ఇంకో హారర్ సినిమాకి వెళ్లిపోయాడు. ఆ పని కార్ల్ ఫుల్లర్టన్ భుజానపడింది. కథ రాసింది రాన్ కర్జ్. మొదటి భాగం స్క్రిప్టుకీ ఈయన పని చేశాడు, కానీ తెరమీద పేరు పడలేదు. రెండో భాగానికి పడింది.

మొదటి భాగంలో బతికి బయటపడిన ఒకే ఒక్క అమ్మాయి ఏలిస్. ఆ పాత్ర చేసిన ఏడ్రియన్ కింగ్‌ని ఆ సినిమా తర్వాత ఒక ఉన్మాది అభిమాని నిజంగానే వెంటాడాడు. ఆ సంగతి ఆమే తర్వాత చెప్పుకొచ్చింది. సీక్వెల్‌లో ఏలిస్ పాత్ర టైటిల్ పడకముందే అయిపోతుంది. తెరమీద హంతకురాలి నుంచి తప్పించుకున్నట్టు నటించి మెప్పించిన మనిషికి, బయట నిజంగా వెంటపడిన ఒకడి వల్ల నిద్రలేదు. ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు కెమెరా ముందుకు రాకుండా, తెర వెనుక గొంతు ఇచ్చే పనులు చేసుకుంది.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. జేసన్ ఎవరు?

సినిమా మొదట్లో వీధిలో నడిచొచ్చే కాళ్లు కనిపిస్తాయి. అవి జేసన్ కాళ్లేనని మనం భయపడతాం. నిజానికవి ఎలెన్ లట్టర్‌వి. ఎవరీమె? సినిమాకి కాస్ట్యూమ్ డిజైనర్! చివర్లో కిటికీ పగలగొట్టుకుని దూకే, సంచి లేని వికృతమైన ముఖం వారింగ్టన్ జిల్లెట్‌ది. ఆయన వేరే పాత్ర కోసం ఆడిషన్‌కొస్తే జేసన్ వేషం ఇచ్చారు. జేసన్‌కి మాటల్లేవు. ఆ సిరీస్ మొత్తానికీ గుర్తుగా మిగిలిపోయిన 'కి కి కి.. మా మా మా' అనే గుసగుస సంగీత దర్శకుడు హ్యారీ మాన్‌ఫ్రెడీనీ సొంత గొంతు.

మరి ఆ మధ్యలో, సంచి వేసుకుని చీకట్లో పరిగెత్తి, కిందపడి, దెబ్బలు తిని, హీరోయిన్‌ని తరిమినవాడు? స్టీవ్ డాస్కవిజ్. స్టీవ్ డాష్ అని కూడా అంటారు. స్టంట్‌మ్యాన్. స్టంట్ పనులు జిల్లెట్ వల్ల కావని తేలాక ఈయన్ని పిలిచారు. సంచి గుడ్డ కంటి దగ్గర రెపరెపలాడుతుంటే, కదలకుండా లోపల టేపు అంటించారు. దాంతో కంటి చుట్టూ చర్మం ఒరుసుకుపోయింది.

హీరోయిన్ ఏమీ స్టీల్ జేసన్ తల్లి స్వెటర్ వేసుకుని, 'నేనే మీ అమ్మని' అన్నట్టు నమ్మించే సీన్ ఒకటుంది. నా లెక్కలో సినిమా మొత్తానికీ మంచి సీన్ అదే. డాష్ ముఖం కనపడదు, నోట మాట రాదు. ఆ మెడ, ఆ భుజాలే నటించాలి. హంతకుడు ఒక్క నిమిషం చిన్నపిల్లాడైపోతాడు. ఆ సీన్ తీస్తున్నప్పుడే టైమింగ్ కాస్త తప్పి, ఆమె చేతిలోని పొడవాటి కత్తి డాష్ మధ్యవేలికి తగిలింది. ఆస్పత్రికి తీసుకెళ్తే కుట్లు పడ్డాయి. ఎన్నో తెలుసా? సరిగ్గా 13! సినిమా పేరుకి తగ్గట్టే. గాయం కనపడకుండా లేటెక్స్ తొడుగు వేసుకుని, తిరిగొచ్చి, అదే సీన్ మళ్లీ చేశారు.

సినిమా విడుదలైంది. సుమారు 12.5 లక్షల డాలర్ల ఖర్చుకి అమెరికాలో 2 కోట్ల డాలర్ల పైనే వచ్చాయి. చివర్లో పేర్లు పడ్డాయి. 'జేసన్' అన్నచోట వారింగ్టన్ జిల్లెట్. స్టీవ్ డాస్కవిజ్ పేరు పక్కన 'జేసన్ స్టంట్ డబుల్'.

మన భాషలో చెప్పాలంటే డూప్.

ఈ మాట మనకి కొత్తేం కాదు. 'డూప్ లేకుండా చేశారు' అనేది మన దగ్గర ఎప్పటికీ పెద్ద వార్తే. డూప్ చేసినప్పుడు మాత్రం వార్త ఉండదు. ఇక్కడ డాష్ చేసింది ఒకట్రెండు దూకుళ్లు కాదు, సంచిలో ఉన్న జేసన్‌లో చాలా భాగం. జిల్లెట్‌ని తప్పుపట్టడానికి కూడా ఏమీ లేదు. ఇచ్చిన వేషం వేశాడు. ఆ ముఖం ఆయనదే. పేరు ఏ వరసలో వేయాలో నటులు నిర్ణయించరు కదా.

ఇది చదివినప్పుడు నాకు గుర్తొచ్చింది సినిమావాళ్లు కాదు, మా టీమ్‌లో పనిచేసిన ఒక టెస్టర్. నేను ఇదివరకు చేసిన చోట కాంట్రాక్ట్ మీద ఉండేది. నాకంటే పెద్దది, 'అక్కా' అనేవాణ్ని. రిలీజ్‌కి ముందు రాత్రి రెండింటికి మెసేజ్ పెట్టింది. 'తమ్ముడూ, నెట్ పోయి మళ్లీ వస్తే కస్టమర్ డబ్బు రెండుసార్లు కట్ అవుతోంది. ఒకసారి చూడు' అని. చూస్తే నిజమే. తెల్లారేలోపు ఇద్దరం కూర్చుని సరిచేశాం. ఆ నెల జరిగిన పెద్ద మీటింగులో మా టీమ్‌కి అవార్డిచ్చారు. స్లైడ్ మీద ఆరు పేర్లున్నాయి. నా పేరుంది. అక్క పేరు లేదు. అడిగితే, 'కాంట్రాక్ట్ వాళ్లు లిస్టులోకి రారు' అన్నారు. రూలట.

కొన్నాళ్లకి అక్క కాంట్రాక్ట్ అయిపోయింది. వేరే కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లొచ్చి ఫోన్ చేసింది. 'అక్కడ నువ్వు ప్రత్యేకంగా ఏం చేశావని అడుగుతున్నార్రా. చెప్పాను. రుజువేంటన్నట్టు చూశారు' అంది. ఏడవలేదు, తిట్టలేదు. 'నువ్వు రెండు ముక్కలు రాసిస్తావా?' అని మాత్రం అడిగింది. రాసిచ్చాను. ఉద్యోగం వచ్చింది. కానీ ఒక తమ్ముడు రాసిచ్చిన ఉత్తరానికీ, స్లైడ్ మీద ఉండాల్సిన పేరుకీ తేడా ఉంటుంది. మొదటిది అడుక్కుంటే వచ్చేది. రెండోది హక్కు.

'పనే మాట్లాడుతుంది, పేరుదేముంది?' అంటారు కొందరు. సాధారణంగా వాళ్ల పేర్లు స్లైడ్ మీద ఉంటాయి లెండి. పేరంటే చప్పట్లొక్కటే కాదు. తర్వాతి ఉద్యోగం, తర్వాతి జీతం, ఇంటి లోనుకి కావాల్సిన ధైర్యం.

మా ఫీల్డులో ఒక చిత్రం చూడండి. ఏ లైన్ కోడ్ ఎవరు రాశారో చూపించే కమాండ్ గిట్‌లో ఉంది. దాని పేరు 'బ్లేమ్'. అంటే నింద! పాత సబ్‌వర్షన్‌లో అదే కమాండ్‌కి 'ప్రెయిజ్' అనే ఇంకో పేరు కూడా ఉంది. అంటే మెచ్చుకోలు. రెండింటిలో ఏది కొట్టినా వచ్చే లిస్టు ఒక్కటే. ఎవరు చేశారో మెషీన్ దగ్గర ఎప్పుడూ ఉంటుంది. దాన్ని దేనికోసం వెతుకుతున్నామన్నదే తేడా. ఏదైనా పాడైతే రెండు నిమిషాల్లో పేరు దొరుకుతుంది. బాగుపడినప్పుడు మాత్రం 'టీమ్ వర్క్' అంటాం.

ఇప్పుడు మా టీమ్‌లో రిలీజ్ మెయిల్ రాసే పని నాది. కింద పేర్లు రాస్తాను. బగ్ పట్టినవాళ్లు, రాత్రి కూర్చున్నవాళ్లు, పర్మనెంటా కాంట్రాక్టా అని చూడకుండా అందరివీ. 'ఇంత లిస్టెందుకయ్యా, ఎవరు చదువుతారు?' అని ఒకసారి మేనేజర్ నవ్వారు. 'వాళ్లు చదువుకుంటారు సార్' అన్నాను.

స్టీవ్ డాష్ 2018 డిసెంబర్‌లో చనిపోయాడు. అంతకుముందే హారర్ అభిమానులు ఆయన్ని వెతికి పట్టుకున్నారు. ఫ్యాన్స్ సమావేశాలకు పిలిచారు, ఫొటోల మీద సంతకాలు తీసుకున్నారు. టైటిల్స్‌లో ఆయన పేరు పక్కన ఏముందో వాళ్లకీ తెలుసు. అయినా ఆయన్ని వాళ్లు పిలిచింది మాత్రం 'జేసన్' అనే.