హెడ్డు

మా నాన్నది డీజిల్ టాక్సీ. మొన్న మే సెలవుల్లో నేనూ తోడు వెళ్ళా. ఏలూరు నుంచి బెజవాడ వస్తుంటే హనుమాన్ జంక్షన్ దాటాక టెంపరేచర్ ముల్లు ఎరుపులోకి పోయింది. వెనక సీట్లో వాళ్ళకి రైలుంది. "లాగుతుందిలే" అంటూ నాన్న గన్నవరం దాకా తెచ్చాడు. అక్కడ ఇక బానెట్‌లోంచి ఆవిరి. ఆయన వాళ్ళకి ఆటో మాట్లాడ్డానికి వెళ్తే, నేను కొట్లో రెండు కూలింగ్ వాటర్ బాటిళ్ళు కొని, ఆవిరి తగ్గాక తువ్వాలుతో మూత తీసి పోసేశా. మంచి పని చేశాననే అనుకున్నా.

మర్నాడు ఆటోనగర్‌లో హెడ్డు విప్పుతూ మెకానిక్ అడిగాడు: "వేడి మీద చన్నీళ్ళు గానీ పోశారా అన్నా?"

"ఆఁ, తొందర్లో నేనే పోశా" అన్నాడు నాన్న. నా వైపు చూడలేదు. నేనూ నోరు విప్పలేదు.

హెడ్డు లేత్ షాపుకెళ్ళింది. మేస్త్రి దానిమీద ఎర్ర రంగు స్ప్రే కొట్టి, కాసేపాగి శుభ్రంగా తుడిచి, తెల్లది ఇంకో స్ప్రే కొట్టాడు. తెలుపు మీద వెంట్రుకలాంటి ఎర్ర గీత తేలింది. రెండు వాల్వుల మధ్య మొదలై ఎగ్జాస్ట్ వాల్వు సీటు కిందకి దూరింది. తర్వాత నీటి దారులన్నీ ప్లేట్లతో బిగించి, వేణ్ణీళ్ళ టబ్బులో ముంచి గాలి పెట్టాడు. గీత దగ్గర్నుంచి బుడగలు.

రాత్రంతా వీడియోలు చూసొచ్చిన నేను ఊరుకుంటానా! "టిగ్ వెల్డింగ్ చేస్తే సరిపోతుంది కదండీ?" అన్నా.

"చెయ్యొచ్చు బాబూ. గీత పైన ఎక్కడో ఉంటే ఈపాటికి మొదలెట్టేవాణ్ణి. ఇది మంట తగిలే చోటు. సీటు పీకాలి, పగులు చివరిదాకా గాడి తియ్యాలి, హెడ్డు మొత్తం వేడి చేసి అతకాలి. అల్యూమినియం ఇనుములాగా ఎర్రబడి చెప్పదు, చూస్తుండగానే కారిపోతుంది. అంతా అయ్యాక వంగితే మళ్ళీ ఫేసింగ్. 7,000 అవుద్ది. గ్యారంటీ మాత్రం ఇవ్వను."

బాగవుతుందా, అవ్వదా? నాకు తెలిసిన లెక్కలో జవాబు ఈ రెంట్లో ఒకటే ఉండాలి. ఆయనేమో అవుతుంది, కానీ ఎన్నాళ్ళుంటుందో చెప్పలేనంటున్నాడు. ఇంకో దారి సెకండ్ హ్యాండ్ హెడ్డు, 18,000. నా ల్యాప్‌టాప్ కోసం దాచినవి 20,000 ఉన్నాయి. సొంత కారయితే నాన్న వెల్డింగే చేయించేవాడేమో. టాక్సీ దారిలో ఆగితే ఇంకెవరిదో రైలు పోతుంది.

"వేరేదే చూడండి. కానీ ముందు టెస్ట్ చేసి ఇవ్వండి" అన్నాడు.

సాయంత్రం ఆ పాత హెడ్డుని అదే టబ్బులో ముంచారు. మేస్త్రి గాలి పెడుతుంటే నెమ్మదిగా అన్నా, "నాన్నా, ఆ నీళ్ళు పోసింది..."

"తెలుసులేరా. బుడగలొస్తున్నాయేమో చూడు."

వంగి చూశా. రాలేదు.