పట్టాలో ఒక పేరు

వర్జీనియా వెళ్లే పని ఎప్పుడైనా పడితే, ఒక పూట రిచ్‌మండ్ నగరం కోసం ఉంచుకోండి. అక్కడ బ్రాడ్ స్ట్రీట్ మీద ‘లైబ్రరీ ఆఫ్ వర్జీనియా’ ఉంది. లోపలికి వెళ్లడానికి టికెట్ అక్కర్లేదు. ఇంగ్లీషువాళ్లు పాలించిన కాలం నాటి భూమి పట్టాలు అక్కడ భద్రంగా ఉన్నాయి. వాటిలో ఒక పట్టాలో, మన వైపు సముద్రాలు దాటి వచ్చిన ఒక మనిషి పేరు ఉంది. ఆ పేరు కోసమే నేను కాలిఫోర్నియా నుంచి అంత దూరం వెళ్లాను.

ఆ పట్టాల బొమ్మలను ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో కూడా చూడవచ్చు. మరి విమానం ఖర్చు ఎందుకు పెట్టుకున్నానని అడుగుతారేమో. క్లాసులో ఒక తప్పు మాట చెప్పాను. అందుకే వెళ్లాను.

మా గుడిలో ఆదివారం తెలుగు క్లాసు ఉంటుంది. నేను కూడా అక్కడే, పెద్దయ్యాక, అక్షరాలు దిద్దాను. ఫిజీలో మా ఇంట్లో ఫిజీ హిందీ మాట్లాడేవాళ్లం. తాతను ‘ఆజా’ అనేవాళ్లం. ‘తాత’ అన్న మాట నాకు గుడి క్లాసులోనే నోటికి వచ్చింది. ఇప్పుడు చిన్నపిల్లలకు నేనే దిద్దిస్తున్నాను.

ఒక ఆదివారం ఒక బాబు అడిగాడు: “ఆంటీ, అమెరికాకు అందరికన్నా ముందు వచ్చిన ఇండియన్ ఎవరు?”

నేను వెంటనే చెప్పేశాను. “టోనీ అని ఒకతను. దాదాపు 400 ఏళ్ల కిందట వచ్చాడు. మన బందరు వైపు వాడే!”

పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరుసలో కూర్చునే ఒక అమ్మాయి మాత్రం చెయ్యి ఎత్తింది. “బందరు అని అక్కడ రాసి ఉందా ఆంటీ?”

ఇన్నేళ్లుగా బడిలో పాఠాలు చెబుతున్నదాన్ని. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. “చూసి చెబుతానమ్మా” అన్నాను. ఆ చూడడం గురించే ఈ వ్యాసం.

ముందు పట్టా సంగతి చెబుతాను. 1618లో వర్జీనియా కంపెనీ ఒక పద్ధతి పెట్టింది. ఎవరైనా తన ఖర్చుతో ఒక మనిషిని ఓడలో వర్జీనియాకు తెస్తే, తెచ్చినవాడికి 50 ఎకరాలు వస్తాయి. పదిమందిని తెస్తే 500 ఎకరాలు. దీన్ని ‘హెడ్‌రైట్’ అన్నారు. హెడ్ అంటే తల, రైట్ అంటే హక్కు. తలకు ఇంత అని లెక్క. కానీ తల ఒకరిది, హక్కు ఇంకొకరిది.

భూమి కావాలంటే రుజువు చూపాలి. అందుకే పట్టాలో రెండు సంగతులు కనిపిస్తాయి. ఒకటి, భూమి ఎల్లలు: ఏ వాగు దగ్గర మొదలవుతుంది, ఎవరి భూమిని ఆనుకుని ఉంది. రెండు, ఆ భూమి ఎవరిని తెచ్చినందుకు వచ్చిందో ఆ పేర్లు. ఇంగ్లీషు సేవకుల పేర్లు, ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల పేర్లు అలా వరుసగా ఉంటాయి. చాలాచోట్ల ఆఫ్రికావాళ్లకు పేరు కూడా రాయలేదు. ‘నీగ్రో’ అని రాసి వదిలేశారు.

ఆ చేతిరాత చదవడం కష్టం. మన పాత దస్తావేజుల్లాగే గొలుసుకట్టుగా ఉంటుంది. పైగా ఒకే మనిషి పేరును ఒక్కో గుమాస్తా ఒక్కోలా రాశాడు. నెల్ మేరియన్ నూజెంట్ అనే ఆవిడ ఈ పట్టాలను ఓపికగా చదివి, సారాంశాలు రాసి, 1934లో మొదటి సంపుటం అచ్చు వేయించారు. మీరు వెళితే ముందు ఆ పుస్తకం అడగండి. అందులో పేరు దొరికాక అసలు పట్టాకు వెళ్లండి.

జార్జ్ మెనెఫీ అనే వర్తకుడు 1635లో పొందిన పట్టా లెక్కలో ఉంది ఆ పేరు. ‘టోనీ, ఈస్ట్ ఇండియన్’. అంతే. ముందు కొన్ని పేర్లు, వెనక కొన్ని పేర్లు, మధ్యలో ఇతను.

చాలాసేపు ఆ వరుస మీదే కళ్లు పెట్టుకుని కూర్చున్నాను. ‘బందరు’ అని లేదు. ఏ ఊరూ లేదు. తండ్రి పేరు లేదు. వయసు లేదు. ‘ఈస్ట్ ఇండియన్’ అన్న మాట కూడా మనం అనుకున్నంత సూటిగా లేదు. ఆ రోజుల్లో ఈస్ట్ ఇండీస్ అంటే మన తీరాలు మాత్రమే కాదు, ఇంకా తూర్పున ఉన్న దీవులు కూడా. టోనీ అన్నది తల్లి పిలిచిన పేరై ఉండదు. దారిలో ఎవరో పెట్టి ఉంటారు.

ఇంకొక జాగ్రత్త కూడా చెప్పాలి. పట్టా మీద ఉన్న ఏడు, మనిషి ఓడ దిగిన ఏడు ఒకటే కానక్కర్లేదు. మనిషిని తెచ్చిన కొన్నేళ్లకు కూడా భూమి అడిగేవాళ్లు. ఆ హక్కును అమ్ముకునేవాళ్లు, కొనుక్కునేవాళ్లు. కాబట్టి “టోనీ 1635లో వచ్చాడు” అనకూడదు. “1635 నాటికి వచ్చాడు” అనాలి. తెలుగులో ఒక్క మాట తేడా. కానీ మొదటిది ఊహ, రెండోది రుజువు ఉన్న మాట.

మరి బందరు అన్న మాట నా నోటికి ఎందుకు వచ్చింది? పూర్తిగా గాలిమాట కాదు. ఇంగ్లీషు ఈస్ట్ ఇండియా కంపెనీవాళ్ల ‘గ్లోబ్’ అనే ఓడ 1611లో మచిలీపట్నం, అంటే మన బందరు, చేరింది. వాళ్లు అక్కడ వర్తకశాల పెట్టుకున్నారు. ఆ ఓడల్లో బట్టలతో పాటు మనుషులు కూడా లండన్ చేరారు. బంగాళాఖాతం వైపు నుంచి వెళ్లిన ఒక కుర్రవాడికి 1616 డిసెంబరులో లండన్‌లోని సెయింట్ డయోనిస్ చర్చిలో బాప్తిస్మం ఇచ్చి, పీటర్ అని పేరు పెట్టారు. అతనికి చదువు చెప్పిన పాస్టరు పేరు పాట్రిక్ కోప్లండ్.

ఆ కోప్లండే 1621లో ఇండియా వైపు నుంచి తిరిగి వస్తూ, తన ఓడలోని వాళ్ల దగ్గర సుమారు 70 పౌండ్లు చందా పోగు చేశాడు. దేనికో తెలుసా? వర్జీనియాలో ఒక బడి కట్టడానికి! దాతలు ఈస్ట్ ఇండియా కంపెనీ ఓడవాళ్లు కాబట్టి దానికి ‘ఈస్ట్ ఇండియా స్కూల్’ అని పేరు పెట్టారు. 1622లో అక్కడ పెద్ద యుద్ధం జరిగింది. ఆ బడి నడవనే లేదు. కానీ చూడండి, బందరు రేవు, లండన్ రేవు, వర్జీనియా రేవు అప్పటికే ఒకే దారిలో కలిశాయి. టోనీ ఆ దారిలోనే వచ్చి ఉండవచ్చు. ‘ఉండవచ్చు’ అనాలి. నేను ‘బందరు వాడే’ అన్నాను.

బృందా చారి 2023లో టోనీ మీద ఇంగ్లీషులో ఒక నవల రాశారు. అందులో టోనీ కోరమాండల్ తీరం నుంచి వస్తాడు. నవల రాసేవాళ్లకు ఆ స్వేచ్ఛ ఉంది. క్లాసులో టీచరుకు లేదు.

మర్నాడు జేమ్స్‌టౌన్ వెళ్లాను. మీరు కారులో వెళితే పెద్ద హైవే వదిలి, 5వ నంబరు రోడ్డు పట్టుకోండి. చెట్ల నీడలో, పాత తోటల పక్కనుంచి వెళ్తుంది. జేమ్స్‌టౌన్‌లో ఇటుకల చర్చి గోపురం ఒకటి నిలబడి ఉంది. దానికి అవతల ‘న్యూటౌన్’ అనే చోట ఇళ్ల పునాదుల గుర్తులు కనిపిస్తాయి. వర్తకులు అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. మెనెఫీ చిన్నవాడు కాదు. గవర్నరు కౌన్సిల్లో సభ్యుడు. 1635లో గవర్నరు జాన్ హార్వీని దింపేసిన వాళ్లలో ఒకడు. జేమ్స్‌టౌన్‌కు కాస్త దూరంలో ‘లిటిల్‌టౌన్’ అని అతని తోట ఉండేది. 1633లో డేవిడ్ డి వ్రీస్ అనే డచ్చి నావికుడు ఆ తోటకు వచ్చి, అక్కడి పీచ్ చెట్ల గురించి రాసుకున్నాడు. పీచ్ చెట్లకు కూడా కాగితం మీద టోనీ కన్నా ఎక్కువ చోటు దొరికింది.

ఆ న్యూటౌన్‌లోనే ఏంజెలా అనే ఆఫ్రికా ఆవిడ ఉండేది. 1619లో వచ్చింది. ఆవిడ గురించి కూడా జనాభా లెక్కల్లో ఒకటి రెండు వరుసలే ఉన్నాయి. అయినా పురావస్తువాళ్లు ఆవిడ పనిచేసిన ఇంటి స్థలాన్ని తవ్వారు. ఆవిడ పేరుతో అక్కడ బోర్డు పెట్టారు. ఒక్క వరుసే ఉంది కదా అని వదిలెయ్యలేదు. ఉన్న వరుసకు లేనిది అతికించనూ లేదు. నాకు అది నచ్చింది.

సాయంత్రం నది దాటే ఫెర్రీ ఎక్కాను. కారుకు కూడా డబ్బు తీసుకోరు. జేమ్స్ నది అక్కడ మన గోదావరిలా వెడల్పుగా ఉంటుంది. గోదావరిని నేను ఒక్కసారే చూశాను లెండి. ఫెర్రీ మీద నిలబడి మా ముత్తాత గురించి ఆలోచించాను.

మా ముత్తాత గిర్మిటియా. మద్రాసు నుంచి ఫిజీకి గిర్మిట్ ఓడలు 1903లో మొదలయ్యాయి. ఆయన పాసు నకలు మా ఇంట్లో ఉంది. దాని మీద ఆయన పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చ, అన్నీ ఉన్నాయి. జిల్లా విశాఖపట్నం. అవి ఆయన మీద ప్రేమతో రాసినవి కావు. పారిపోతే పట్టుకోవడానికి రాసినవి. అయినా ఆ కాగితం వల్లే నాకు మా ఊరి పేరు తెలుసు. టోనీ మనవలకు ఆ పాటి కాగితం కూడా లేదు.

టోనీ తర్వాత వచ్చిన ఈస్ట్ ఇండియన్ల కథ ఇంకా కష్టమైంది. 1682లో వర్జీనియా ఒక చట్టం చేసింది. క్రైస్తవ దేశాల్లో క్రైస్తవులకు పుట్టని సేవకులను ఓడలో తెస్తే, వాళ్లు బానిసలే అంది. తర్వాతి కాగితాల్లో వాళ్ల పిల్లలు ‘ములాటో’ అయ్యారు, ‘నీగ్రో’ అయ్యారు. ఈస్ట్ ఇండియన్ అన్న మాట జారిపోయింది. అలాంటి మనుషుల వారసులు ఈ రోజు అమెరికాలో నల్లవాళ్లుగానో తెల్లవాళ్లుగానో మన పక్కనే ఉండవచ్చు. వాళ్లకు తెలియదు, మనకూ తెలియదు.

ఇక భూమి మాట. టోనీ తల మీద వచ్చిన 50 ఎకరాలు మెనెఫీవి అయ్యాయి. నిజానికి అవి అంతకు ముందు పౌహటన్ జనాల నేల. మా ముత్తాత ఐదేళ్ల గిర్మిట్ తీరాక చెరకు పొలం కౌలుకు తీసుకున్నాడు. ఫిజీలో ఎక్కువ భూమి అక్కడి మూలవాసులది. కొనడానికి లేదు, కౌలే. 30 ఏళ్ల కౌళ్ల గడువు 1997 నుంచి ఒక్కొక్కటిగా తీరడం మొదలైంది. మా నాన్నగారి కౌలు కూడా అలాగే తీరింది. అప్పుడే మేము అమెరికా వచ్చాం. భూమి ఎవరిదో వాళ్లకు వెళ్లింది, నేను తప్పు పట్టను. కానీ నాన్నగారు ఆఖరి రోజు పొలం గట్టు మీద చాలాసేపు నిలబడ్డారు. మూడు తరాలు దున్నిన ఆ పొలం కాగితాల్లో మా పేరు ఎక్కడుందని అడిగితే, ‘కౌలుదారు’ అన్న గడిలో ఉంది.

అందుకే మీకు ఒక మాట చెబుతాను. భూమి కాగితం చదివేటప్పుడు పట్టా ఎవరి పేరున ఉందో చూడడంతో ఆపకండి. కింది పేర్లు చదవండి. సేవకుల జాబితా, కౌలుదారు గడి, సాక్షి వేలిముద్ర, అన్నీ చదవండి. మనవాళ్లు ఉంటే అక్కడే ఉంటారు.

తిరిగి వచ్చాక ఆదివారం క్లాసులో బోర్డు మీద నిలువుగా గీత గీశాను. ఎడమ వైపు ‘రాసి ఉన్నది’ అని, కుడి వైపు ‘మనం అనుకున్నది’ అని రాశాను. పోయినసారి తప్పు చెప్పానని పిల్లలకు చెప్పాను. ఎడమ వైపు వాళ్లే చెప్పారు: టోనీ, ఈస్ట్ ఇండియన్, 1635 నాటికి, 50 ఎకరాలు, మెనెఫీకి. తర్వాత వెనక వరుస అమ్మాయిని పిలిచాను. తను సుద్దముక్క తీసుకుని, కుడి వైపు ‘బందరు’ అని రాసింది. పక్కనే ఒక ప్రశ్న గుర్తు పెట్టింది.

“చెరిపెయ్యనా ఆంటీ?” అంది.

“వద్దమ్మా, ఉండనీ” అన్నాను.

వచ్చే వారానికి హోంవర్క్ ఇచ్చాను. ఇంట్లో ఉన్న పాత కాగితం ఒకటి తీసి, అలాగే రెండు వరుసలు రాసుకుని రావాలి. మీరూ రాసి చూడండి. ఇంట్లో తాతగారో, అమ్మమ్మగారో ఉంటే పక్కన కూర్చోబెట్టుకుని రాయండి. కుడి వైపున్న మాటలు కొన్ని వాళ్ల నోటి నుంచి విన్నాక ఎడమ వైపుకు వస్తాయి.