హామీ సంతకం

రిస్క్ అనగానే లేమన్ బ్రదర్స్ పేరెత్తే అలవాటు మన విశ్వవిద్యాలయాలకు ఎవరు అంటించారో గానీ, నాకు ఒళ్లు మండిపోతుంది. 2008 సెప్టెంబరు 15న న్యూయార్కులో ఒక కంపెనీ ఇళ్ల అప్పుల్లో మునిగి దివాలా తీసిందని, ఇన్నేళ్ల తర్వాత మన జిల్లా కేంద్రంలో ఎంబీఏ చదివే పిల్ల అర్ధరాత్రి దాకా బట్టీ పట్టాలా? ఆ ఇళ్లు ఆ పిల్ల చూసినవా, ఆ అప్పులు వాళ్ల నాన్న చేసినవా?

బ్యాంకులో రిస్కు విభాగంలో పనిచేసి రిటైరయ్యాక, గెస్టు లెక్చరరుగా రమ్మంటే సరేనన్నాను. సిలబస్ కాగితం చేతిలో పెట్టారు. అందులో అమెరికా ఉంది, స్విట్జర్లాండు ఉంది. సికింద్రాబాద్ లేదు. గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకు ప్రధాన కార్యాలయం అక్కడే ఉండేది. 1994లో మొదలైంది, కొత్త తరం బ్యాంకని జనం మురిసిపోయారు. షేర్ బ్రోకర్లకు ఇచ్చిన అప్పులు 2001లో దాని మెడకు చుట్టుకున్నాయి. 2004 జులై 24న కేంద్రం మారటోరియం పెట్టింది, ఖాతాలో ఎంతున్నా పదివేలకు మించి తీసుకోకూడదంది. మూడు వారాల్లో ఓరియంటల్ బ్యాంకులో కలిపేశారు. ఆ ఓరియంటల్ బ్యాంకు కూడా 2020లో పంజాబ్ నేషనల్‌లో కలిసిపోయింది. ఇదంతా చెబితే పిల్లలు నోట్సు రాయడం ఆపి తలెత్తారు. తలెత్తితే నాకు చాలు.

బాసెల్ కమిటీ నిబంధనల సంగతి చెప్పక తప్పదు గనక చెప్పాను. బ్యాంకుల మూలధనం, రిస్కును బట్టి లెక్కగట్టిన ఆస్తుల్లో వాళ్లు కనీసం 8 శాతం ఉండాలన్నారు, మన రిజర్వు బ్యాంకు 9 అంది. పరీక్షకు అది చాలు.

ఒకరోజు క్లాసులో చీటీల మీదికి మళ్లింది మాట. మొదటి నెలల్లోనే బాగా తగ్గించి చీటీ పాడుకునేవాడు ఎలాంటి అవసరంలో ఉంటాడో ఆలోచించండి అన్నాను. వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, “అందుకేగా సార్, పాట అయ్యాక షూరిటీలు అడుగుతారు” అంది. “మీ ఇంట్లో ఎవరైనా సంతకం పెట్టారామ్మా?” అంటే, “మా మావయ్య పెట్టాడు సార్. టీచరు. ఇప్పుడు జీతంలో కోత” అంది. ఇంకెవరింట్లోనైనా ఉందా అని అడిగాను. సగం క్లాసు చేతులెత్తింది. క్రెడిట్ రిస్కుకి నిర్వచనం చెప్పమంటే నేల చూపులు చూసిన క్లాసు అది!

హామీ సంతకం మాటొస్తే నన్నాపడం కష్టం. బల్ల మీద హామీ పత్రం ఉంటుంది, చీమ తలకాయలంత ఇంగ్లిషు అక్షరాలు. బ్యాంకువాడు ముందే పెన్సిలుతో ఇంటూ మార్కులు పెట్టి ఉంచుతాడు. ఇక్కడ, ఇక్కడ, ఈ పేజీ కింద, వెనక కూడా ఒకటి. చదువుతానంటే “ఊరికే ఫార్మాలిటీ అండీ” అంటాడు. ఫార్మాలిటీ ఏమిటి నా మొహం! 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షను ప్రకారం అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంతో హామీ ఉన్నవాడిదీ అంతే. ముందు వాడి దగ్గర వసూలు చేసుకుని తర్వాత నా దగ్గరికి రండి అనడానికి లేదని సుప్రీంకోర్టు 1968లోనే, బ్యాంక్ ఆఫ్ బిహార్ కేసులో తేల్చేసింది. డిక్రీ వచ్చిందంటే జీతంలో మొదటి వెయ్యి పోను మిగిలినదాంట్లో మూడో వంతు దాకా అటాచ్ చేయొచ్చు. గవర్నమెంటు టీచర్లంటే అప్పులిచ్చేవాళ్లకు అంత ప్రేమ ఎందుకనుకున్నారు?

మా పెదనాన్న కూడా టీచరే. తూర్పు గోదావరిలో ఆయన సంతకం లేని అప్పు లేదని పెద్దమ్మ సణుగుతూ ఉండేది. ఎవరొచ్చి అడిగినా అరుగు మీదే కూర్చోబెట్టి, మజ్జిగ ఇప్పించి, సంతకం పెట్టి పంపేవాడు. పెన్ను మాత్రం ఎవరికీ ఇచ్చేవాడు కాదు. రాజమండ్రి రత్నం పెన్ను అది. 1932లో మొదలైన కొట్టు, గాంధీగారికి స్వదేశీ పెన్ను చేసిచ్చింది వాళ్లే. నల్లటి ఎబొనైటు ఒళ్లు, చేత్తో తిప్పి చేసిన మరలు. పదేళ్లు రాస్తే పాళీ మన చేతివాలుకే అరుగుతుందట, పరాయివాడు నాలుగు గీతలు గీస్తే ఇక గీరుకుపోతుందట. అప్పుకొచ్చినవాడు తన పెన్ను తను తెచ్చుకోవలసిందే. ఆదివారం పొద్దున్నే పెన్ను విప్పి, గోరువెచ్చని నీళ్లలో కడిగి, పాత ధోవతి ముక్కతో తుడిచి, ఫిల్లరుతో చుక్క చుక్కగా ఇంకు పోసేవాడు. ఆ పెన్ను ఇప్పుడు నా దగ్గరుంది, బాగానే రాస్తుంది. ఫిల్లరే దొరకడం లేదు. స్టేషనరీ షాపులో అడిగితే మెడికల్ షాపుకి పొమ్మన్నారు. అక్కడివాడు ఏ కంటికి అని అడిగాడు.