బిల్లు ఎంతని కాదు, డబ్బు ఎప్పుడొస్తుందని చూశాను

హోటల్ వంటగదులు శుభ్రం చేసే వ్యాపారం మొదలుపెట్టేటప్పుడు గిరాకీ గురించి నాకు బెంగ లేదు. హైదరాబాద్‌లో 2024లో ఆహార భద్రత అధికారులు వరసగా తనిఖీలు చేశాక, ఓనర్లే మనుషుల కోసం వెతకడం మొదలైంది. తేల్చుకోవాల్సింది ఏయే పనులు చేస్తామని చెప్పాలన్నదే. గిన్నెలు తోమడం నుంచి బొద్దింకల మందు కొట్టడం దాకా అన్నీ అడిగారు.

గిన్నెలు, వంటగది శుభ్రత చూసుకునే హోటల్ స్టీవార్డింగ్ విభాగంలో పనిచేస్తూ నేను దాచింది ఆరు లక్షలు. అందులో రెండు లక్షలు ఇంటి కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి, ఏం జరిగినా కదిలించకూడదని నా భార్యా నేనూ అనుకున్నాం. మిగిలిన నాలుగు లక్షలతో, అప్పు లేకుండా నడవాలి. అందుకే ప్రతి పనినీ మూడు ప్రశ్నలతో తూచాను. ముందు నేనెంత పెట్టాలి? తిరిగి ఎప్పుడొస్తుంది? మళ్లీ మళ్లీ వస్తుందా?

అందరూ ముందు అడిగేది రోజువారీ కాంట్రాక్టు. నలుగురు మనుషుల్ని పెడితే నెలనెలా బిల్లు. వినడానికి నిశ్చింతగా ఉంటుంది. లెక్క వేస్తే, తలా పదిహేను వేల చొప్పున జీతాలకే 60 వేలు. బిల్లు ఇచ్చిన 45 రోజులకు డబ్బులంటే, మొదటి రూపాయి చేతికందేలోపు రెండు నెలల జీతాలు, అంటే లక్షా ఇరవై వేలు నా జేబులోంచి వెళ్లాలి. ఇలాంటి హోటళ్లు మూడు ఒప్పుకుంటే నా పెట్టుబడి దాదాపు అయిపోయినట్టే. ప్రభుత్వ ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న సంస్థకు ఒప్పందం ఉంటే 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతుంది. ఆలస్యమైతే వడ్డీ కూడా అడగొచ్చు. నమోదు ఉచితం కాబట్టి చేయించాను. కానీ మనిషికి జీతం ఏడో తారీఖున ఇవ్వాలి, వడ్డీ తర్వాతి మాట. ఆ కాంట్రాక్టులు వద్దన్నాను.

మురుగునీటిలోని జిడ్డును పట్టే గ్రీజ్ ట్రాప్, డ్రైనేజీ పనులకు సక్షన్ బండి కావాలి, దానికి ఈఎంఐ కట్టాలి. పైగా రక్షణ పరికరాలు లేకుండా మురుగు గుంటల్లోకి మనిషిని దించి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి మాన్యువల్ స్కావెంజింగ్ నిషేధ చట్టం నిషేధించింది. చట్టం లేకపోయినా నేను దించను. బొద్దింకల మందు కొట్టడాన్ని వ్యాపారంగా చేయాలంటే పురుగుమందుల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. అది ఉన్నవాళ్ల నంబరు ఓనర్లకు ఇచ్చేస్తాను, కమీషన్ తీసుకోను.

చివరికి నేను పట్టుకున్నది వంట పొగను బయటికి పంపే హుడ్, ఫిల్టర్లు, డక్ట్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ శుభ్రం చేసే పని. హుడ్ పైపైన హోటల్ కుర్రాళ్లే తుడుస్తారు. డక్టు లోపలికి వాళ్ల చెయ్యి పోదు. అక్కడ పేరుకున్న జిడ్డుకి పొయ్యి మీంచి లేచిన ఒక్క మంట చాలు, బిల్డింగ్ పైదాకా పాకుతుంది. పైన ఉండేవాళ్ల ప్రాణాలు ఈ పని మీద ఆధారపడి ఉంటాయని నేను గట్టిగా నమ్ముతాను. కట్టెలు, బొగ్గుల మీద వండేచోట నెలకోసారి, రోజంతా వంట జరిగేచోట మూడు నెలలకోసారి డక్టును తనిఖీ చేయాలని అమెరికా ప్రమాణం ఎన్‌ఎఫ్‌పీఏ 96 చెబుతుంది. ఇక్కడ అది చట్టం కాకపోయినా, నా క్యాలెండర్ దాన్ని బట్టే వేసుకున్నాను. ఆదాయం ఏ నెలలో ఎంతో ముందే తెలుస్తుంది.

ఓ మోస్తరు వంటగదికి నా రేటు 12 వేలు. ఒక రాత్రికి నలుగురి కూలి 4 వేలు, కెమికల్ 1,500, బండి వెయ్యి పోను 5,500 మిగులుతుంది. సగం బయానా తీసుకుంటాను కాబట్టి రాత్రి ఖర్చుకు నా డబ్బు దాదాపు అక్కర్లేదు. మిగతా సగం పొద్దున డక్టు లోపలి ఫోటోలు చూపించాక. మూడు నెలలకోసారి చేసే వంటగదులు ఇరవై ఉంటే ఏడాదికి 80 రాత్రులు, 4 లక్షల 40 వేలు. షెడ్డు అద్దె, ఇన్సూరెన్స్ అందులోంచే.

మధ్య నెలల్లో ఫిల్టర్లు మార్చే పని పెట్టుకున్నాను. మురికివి తీసి, కడిగినవి బిగించి రావడం. ఒక్కో హుడ్ ఒక్కో సైజు కాబట్టి రెండో సెట్టు నేను కొంటే పెట్టుబడి అక్కడే ఇరుక్కుంటుంది. అందుకే అది హోటలే కొనాలని షరతు పెట్టాను. అల్యూమినియం ఫిల్టర్లను కాస్టిక్ సోడా తినేస్తుంది, వాటికి వేరే కెమికల్. అందుకే ఏ లోహమో చూశాకే రేటు చెబుతాను.

పన్ను లెక్క కూడా పని ఎంపికలో భాగమే. సర్వీసులకు ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా జీఎస్‌టీ నమోదు అక్కర్లేదు. మామూలు రెస్టారెంట్లు 5 శాతం జీఎస్‌టీ వసూలు చేస్తాయి, తాము కొన్నవాటిపై కట్టిన పన్ను వెనక్కి తీసుకోలేవు. నేను 18 శాతం వేస్తే అదంతా వాళ్లకు ఖర్చే. అందుకే మొదట్లో జీఎస్‌టీ నమోదు లేకుండా మధ్యతరహా రెస్టారెంట్ల దగ్గరికే వెళ్లాను. జీఎస్‌టీ బిల్లు అడిగే స్టార్ హోటళ్లను తర్వాతి దశకు ఉంచాను.

ఈ వ్యాపారంలోకి వచ్చేవాళ్లకు ఒక మాట. సర్వీసుల జాబితా అచ్చు వేయించే ముందు ఒక్కో పని పక్కన జీతమిచ్చే తేదీ, డబ్బు చేతికొచ్చే తేదీ రాయండి. ఆ రెండింటి మధ్య ఖర్చు మీ సొంత డబ్బుతో, ఇంటి సొమ్ము ముట్టుకోకుండా మోయగలిగితేనే ఆ పని ఒప్పుకోండి. మిగతావి వద్దని చెప్పడానికి మొహమాటపడకండి.