తలుపుకి చక్రం కావాలా... రాణిగంజ్ పదండి!

తలుపు మూసి ఉంది. లోపలి మనిషి బయటికి రావాలి. తోస్తే కదలదు!

పద్మారావునగర్‌లోనో వెస్ట్ మారేడ్‌పల్లిలోనో నలభై, యాభై ఏళ్ళ కిందట కట్టిన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఇది తెలిసిన బాధే. రెక్క తెరుచుకునేంత చోటు లేని గదికి అప్పట్లో పక్కకు జరిగే తలుపు పెట్టించారు. మంచి టేకు చెక్క, పైన ఇనుప పట్టీ, దానిమీద దొర్లే రెండు చక్రాలు. ఇన్నేళ్ళలో చెక్కకేమీ కాలేదు. చక్రాలే అరిగిపోయాయి. కోడలు తోస్తే జరుగుతుంది, ఎనభై ఏళ్ళ అత్తగారు తోస్తే జరగదు. రాత్రిపూట బాత్రూముకి వెళ్ళాలంటే ఆవిడ ఎవరో ఒకర్ని లేపాల్సిందే. అలా లేపడం ఇష్టంలేక సాయంత్రం నుంచి మంచినీళ్ళు మానేసే పెద్దవాళ్ళూ ఉంటారు.

వడ్రంగిని పిలిస్తే మొదట వినిపించే మాట 'ఇవిప్పుడు దొరకవమ్మా, తీసేసి కొత్తది పెట్టించుకోండి' అని. కొత్తదంటే తలుపొక్కటేనా? గోడ చెక్కాలి, ఫ్రేము మార్చాలి, సున్నాలు, రంగులు... అరచేతిలో పట్టే చక్రం కోసం అంత ఖర్చు. అసలు దొరకవన్న మాటలో నిజమెంతో తేలేది మాత్రం రాణిగంజ్‌లోనే.

మెట్రోలో పారడైజ్ దగ్గర దిగి ఎం.జి. రోడ్డు పట్టుకుని ట్యాంక్‌బండ్ వైపు నడవాలి. పాతవాళ్ళకు ఇది ఇప్పటికీ జేమ్స్ స్ట్రీటే. గడియారం ఉన్న పాత పోలీస్ స్టేషన్ భవనం దాటాక ఇనుము వాసన మొదలవుతుంది. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న ఈ ఊరు తెల్లవాళ్ళ దండుకు కావలసినవన్నీ సమకూరుస్తూ పెరిగింది. ఇప్పుడు జంటనగరాల్లో కట్టే ఇళ్ళకూ, తిరిగే మోటార్లకూ సరుకు ఇక్కడినుంచే ఎక్కువగా వెళుతుంది. ఒక కొట్టునిండా పైపులే. పక్కదాంట్లో నట్లూ బోల్టులూ కిలోల లెక్కన తూస్తారు. ఆ పైది బెల్టులకు, దాని ఎదురుది బేరింగులకు. గుజరాతీ, మార్వాడీ, బోహ్రా కుటుంబాల కొట్లు చాలా ఉన్నాయి. తెలుగులో అడిగితే హిందీలో జవాబొస్తుంది, బేరం మాత్రం రెండింట్లోనూ సాగుతుంది.

'స్లైడింగ్ డోర్ రోలర్ కావాలి' అనగానే కొట్టతను ఎదురు ప్రశ్న వేస్తాడు. 'శాంపిల్ తెచ్చారా?' తేకపోతే ఆ పూటకి వెనక్కి తిరగడమే మేలు. ఫోనులో ఫొటో చూపిస్తే లాభం ఉండదు. చక్రం గాడి గుండ్రంగా ఉందా, కోసుగా ఉందా, ఇరుసు ఎంత లావు అన్నది ఫొటోలో తేలదు.

ఇక అసలు చిక్కు కొలతలది. దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. చట్టం మారినా వడ్రంగి చేతిలో అంగుళం పోలేదు. అంగుళానికి ఎనిమిది నూళ్ళు. రాణిగంజ్‌లో దాన్నే సూత్ అంటారు. అర్థం అదే, దారం. నాలుగు సూత్‌లంటే అరంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. అలా చేసిన పాత పట్టీమీద ఇప్పటి 12 మిల్లీమీటర్ల గాడి ఉన్న చక్రం కూర్చోదు. ఆ కాస్త తేడాకే తలుపు పట్టేస్తుంది. కొత్తగా వేయించిన నాలుగు రోజులకే మొరాయించే తలుపుల్లో ఇలాంటివీ ఉంటాయి.

అయితే ఒక ఊరట ఉంది. చక్రం మధ్యలో బేరింగు ఉంటే దాని అంచుమీద అంకెలు చెక్కి ఉంటాయి. గుడ్డతో తుడిచి చదవాలి. 608 అని ఉంటే లోపలి రంధ్రం 8 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 22, మందం 7. పిల్లల స్కేట్లలో ఉండేదీ ఇదే. 6201 అయితే 12, 32, 10. ఏ దేశంలో, ఏ కంపెనీ చేసినా ఆ అంకెకు కొలత మారదు. తలుపు కంపెనీ ఎప్పుడో మూతపడి ఉండొచ్చు, బేరింగు మాత్రం ఈ వేళ కూడా దొరుకుతుంది. అంకె పక్కన 'జెడ్‌జెడ్' అని ఉన్నది అడగడం మంచిది. రెండువైపులా రేకు మూతలుంటాయి కాబట్టి దుమ్ము తొందరగా చేరదు.

బేరింగు బాగుండి చక్రమే అరిగిందనుకోండి... అప్పుడు లేత్ మిషన్ దగ్గరికి. పాత చక్రం ఇస్తే టర్నర్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అరిగిన చోట ఎంత పోయిందో లెక్కకట్టి, ఇత్తడి కడ్డీలోంచో నైలాన్ దిమ్మెలోంచో అలాంటిదే తీసిస్తాడు. ఇత్తడి ఎక్కువకాలం ఉంటుంది, నైలాన్ చప్పుడు చేయదు. నిద్ర పట్టని పెద్దవాళ్ళున్న ఇంట్లో నైలానే నయం. ఒకటి అరిగినా జతగా చేయించుకోవాలి. ఒక చక్రం కొత్తది, ఒకటి పాతది అయితే తలుపు ఓరగా వేలాడుతుంది.

అల్యూమినియం తలుపుల సంగతి వేరు. వాటి చక్రాలు అడుగున ఉంటాయి, సెక్షన్‌ని బట్టి మారుతుంటాయి. నమూనా ఉంటే అవీ దొరికేవే.

అన్నట్టు, ఇంత తిరుగుడు కొందరికి అవసరమే ఉండదు. పట్టీలో దుమ్ము, వెంట్రుకలు, ఎప్పుడో పోసిన కొబ్బరినూనె జిడ్డు కలిసి గట్టిపడి ఉంటాయి. కిరసనాయిలు గుడ్డతో తుడిచి, కొవ్వొత్తి రుద్దితే కదిలిన తలుపులున్నాయి. నూనె మాత్రం మళ్ళీ పోయకూడదు, దుమ్ముని అదే పట్టుకుంటుంది.

ఈ వేళే బయల్దేరేరు... ఆదివారం రాణిగంజ్‌లో ఎక్కువ కొట్లకు సెలవు. ఈలోగా ఇద్దరు పట్టి తలుపు దించి, చక్రాలు రెండూ విప్పి, సంచిలో వేసి ఉంచండి. ఏది కుడివైపుదో సుద్దముక్కతో గుర్తు పెట్టడం మరవద్దు.