వాన నీళ్ళు ఎటు పోతాయి?

వాలెన్సియా, ఆదివారం రాత్రి

నాన్నా,

క్షేమంగా చేరాను. అమ్మ కట్టిచ్చిన కందిపొడి ఇంకా ఉంది, బెంగపడొద్దని చెప్పు.

ఈ ఊరి మధ్య తురియా అనే నది పారేది. 1957 వరదకు ఊరు మునిగితే, నదినే ఊరి బయటికి మళ్ళించారు. ఎండిన ఏటి గర్భం ఇప్పుడు తోట. అందులో వరసగా తెల్లటి భవనాలు. చాలావరకు శాంటియాగో కలత్రావా కట్టినవే. ఆయన ఇక్కడి శివారులోనే 1951లో పుట్టాడు. ఈ ఊళ్ళో ఆర్కిటెక్చరు చదివి, జ్యూరిక్ వెళ్ళి సివిల్ ఇంజినీరింగు కూడా చదివాడు. మడతపడే కట్టడాల మీద డాక్టరేటు చేశాడు. శిల్పాలూ చెక్కుతాడు.

1998లో తెరిచిన సినిమా హాలు కన్నులా ఉంటుంది. కట్టింది సగం కన్నే. మిగతా సగం చుట్టూ ఉన్న నీళ్ళలో నీడగా పడుతుంది. ఇవాళ గాలి లేదు, కన్ను నిండుగా కనిపించింది.

పక్కనే ఒపెరా హాలు. దాని పైపెంకుకు తెల్ల టైల్సు ముక్కలు అతికించారు. మన డాబా మీద నువ్వు వేసిన చైనా మొజాయిక్ గుర్తొచ్చింది. నువ్వు తడి సిమెంటు మీద ఒక్కో ముక్కా తట్టి కూర్చోబెట్టావు. ఇక్కడ అడుగున ఉన్నది ఉక్కు. 2005లో తెరిచిన ఆ హాలు నుంచి 2013 చివర్లో ముక్కలు రాలాయి. మొత్తం ఊడదీయాల్సి వచ్చింది. ఎండకు ఉక్కు సాగినట్టు పింగాణీ సాగదని నీకు నేను చెప్పాలా!

మాల్మో, గురువారం

నాన్నా,

స్వీడన్‌లో చలి. మెడ వెనక్కి వంచి చూసీ చూసీ నొప్పి పుట్టింది. చూసింది టర్నింగ్ టోర్సో అనే మేడ. 54 అంతస్తులు, 190 మీటర్లు, 2005లో పూర్తయింది. తొమ్మిది దిమ్మెలు ఒకదాని మీద ఒకటి కొద్దికొద్దిగా తిరుగుతూ, పైకొచ్చేసరికి అట్టడుగు దానికి 90 డిగ్రీల పక్కకు చూస్తాయి. ముందు కలత్రావా ఒళ్ళు మెలితిప్పిన మనిషి మొండేన్ని పాలరాతిలో చేశాడు. దాని బొమ్మ చూసి ఇక్కడివాళ్ళు అదే మేడగా కట్టమన్నారు.

నీ తూకం గుండు దీని అంచున వేలాడదీస్తే ఏ అంతస్తులోనూ గోడకు ఆనదు. అయినా నిలబడింది. నడిమధ్య గుండ్రటి కాంక్రీటు స్తంభం నిలువుగా ఉంది. తిరిగేదంతా దాని చుట్టూనే. ఇదివరకు ఈ రేవులో ఓడలు కట్టేవారు. అక్కడి పెద్ద క్రేనును 2002లో విప్పి కొరియాకు పంపేశారు. ఇప్పుడు దూరం నుంచి ఊరిని గుర్తుపట్టేది ఈ మేడతోనే.

జెర్సీ సిటీ, శనివారం

నాన్నా,

చెల్లి, బావ, పిల్లలు బాగున్నారు. బావ రోజూ పాత్ రైల్లో న్యూయార్క్ వెళ్తాడు. నిన్న తనతో వెళ్ళి, వరల్డ్ ట్రేడ్ సెంటర్ స్టేషన్లో దిగాను. పైన ఓక్యులస్ అనే హాలు, 2016లో తెరిచారు. పిల్లాడి చేతుల్లోంచి ఎగిరే పిట్టను మనసులో పెట్టుకుని కలత్రావా గీశాడట. లోపలికెళ్తే పెద్ద చేప ముళ్ళ మధ్య నిలబడ్డట్టుంది. స్టేషను మొత్తానికి దాదాపు 400 కోట్ల డాలర్లయింది. ఆ ఖర్చు మీద ఊరంతా ఆయన్ను తిట్టింది.

నడినెత్తిన పొడుగ్గా అద్దాల చీలిక. సెప్టెంబర్ 11 జ్ఞాపకార్థం అది తెరుచుకునేలా చేశాడు. ఎండ నేల మీద గీతలా పడుతుంటే నడిచేవాళ్ళు ఆగి చూస్తున్నారు. రోజూ వచ్చే బావ కూడా ఆగాడు.

ఏ ఇంటికెళ్ళినా నువ్వు డాబా ఎక్కి, వాన పడితే నీళ్ళు ఎటు పోతాయని ముందే అడుగుతావు. ఆ చీలికను తెరిచి మూస్తుంటే ఒకసారి రబ్బరు సీలు చిరిగి, లోపలికి నీళ్ళు కారాయి.

చూపుకు నేను నూటికి నూరు వేస్తాను. వాటం దగ్గర మాత్రం మార్కులు నువ్వే వెయ్యి.