ముట్టుకున్నావు కదా!

మా బండికి హారన్ పలకడం మానేసిన రోజున మొట్టమొదట వినబడ్డ మాట, "నువ్వేదో ముట్టుకున్నావు కదా!" అన్నది. అన్నవాళ్ళు ఒకరు కాదు. పక్కింటి సారు అన్నాడు, షెడ్డులో కుర్రాడు అన్నాడు, దోహా నుంచి వీడియో కాల్‌లో మా తమ్ముడూ అన్నాడు. "అక్కా, ఎందుకు కెలికినవ్? బండి మంచిగనే ఉండె గదా" అని. బండి వాడిదే. ఖతార్ వెళ్తూ నాకు వదిలేసి వెళ్ళిన పాత హండ్రెడ్ సీసీ మోటారు సైకిలు. మా జగిత్యాల వైపు గల్ఫ్‌కి పోయిన మగపిల్లల బండ్లు గోనెపట్టాల కింద తుప్పు పట్టడం కొత్తేమీ కాదు. నేను మాత్రం దానిమీద రోజూ స్కూలుకి పోనూ రానూ నలభై కిలోమీటర్లు తిరుగుతాను.

ఇంతకీ నేను చేసిందేమిటి? ఆదివారం పూట ఎయిర్ ఫిల్టర్ దులిపాను. ప్లగ్గు తీసి తుడిచాను. ట్యాంకు ఎత్తి కింద పేరుకున్న దుమ్మూ మట్టీ తీశాను. బ్యాటరీ మొనలకి పట్టిన తెల్లటి పొడిని వేడినీళ్ళతో కడిగి వాజలైన్ రాశాను. బ్యాటరీ విప్పేటప్పుడు ముందు మైనస్ తియ్యాలి, బిగించేటప్పుడు దాన్నే చివర్లో బిగించాలి. బండి ఇనుప చట్రమంతా మైనస్సే కాబట్టి, ప్లస్ విప్పుతున్న పానా చట్రానికి తగిలితే నిప్పులు రాలతాయి. అదీ అలాగే చేశాను.

మర్నాడు పొద్దున కిక్ కొడితే బండి లేచింది. హెడ్‌లైటూ వెలిగింది. హారన్, ఇండికేటర్లు, బ్రేకు లైటు మాత్రం లేవు. ఇలాంటి పాత బండ్లలో ఇంజనుకి కావలసిన నిప్పురవ్వ, హెడ్‌లైటు కరెంటు నేరుగా మాగ్నెటో కాయిల్ నుంచి వస్తాయి. మిగతావన్నీ బ్యాటరీ మీద, ఒకే ఒక్క ఫ్యూజు దాటి వస్తాయి. ఆ ఫ్యూజు పోయింది. కొత్తది వేస్తే గేటు దాటేసరికి అదీ పోయింది. "నడుస్తోంది కదా మేడమ్, ఇంకేం కావాలి?" అన్నారు. సాయంత్రం ఐదున్నరకి నా వెనక ఇసుక లారీలు వస్తాయి. నేను బ్రేకు వేశానని వాటికెలా తెలియాలి?

షెడ్డు కుర్రాడు చూపిన ఉపాయం ఫ్యూజు బదులు రాగి తీగ చుట్టెయ్యడం. ఫ్యూజు పోవడమంటే అది తన పని తాను చెయ్యడం. పది ఆంపియర్లు దాటితే తాను కాలి మిగతా వైర్లని కాపాడుతుంది. దాని స్థానంలో తీగ చుడితే ఈసారి కాలేది లోపలి వైరు, పెట్రోలు ట్యాంకు కింద. ఇంకో షెడ్డాయన వైరింగు మొత్తం మార్చాలన్నాడు. ఇద్దరూ "సార్‌ని పంపించండి, మాట్లాడతాం" అన్నారు. షెడ్డుల్లో ఆడమనిషి కూర్చోవడానికి బల్ల సంగతి అటుంచి, నిలబడడానికి కూడా ఓ చోటు ఉండదు గమనించారా? ఆ మాటకొస్తే మోటారు సైకిలు మీద మనకు కేటాయించిన చోటు కూడా చూడండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 123వది, వెనక కూర్చున్నవారి బట్టలు చక్రంలో చిక్కుకోకుండా అడ్డు ఉండాలంటుంది. నిబంధనలో ఆడ, మగ అన్న మాట లేదు. కానీ మనమంతా దాన్ని 'శారీ గార్డు' అనే అంటాం. చీర వెనక సీటుదేనని అందరికీ తెలుసన్నమాట.

'ముట్టుకోవడం' గురించి కూడా ఒక మాట. మనకు ముట్టు అంటే తాకడమూ అదే, నెలసరీ అదే. ఊరగాయ జాడీ ముట్టుకోకు, పూజ గిన్నెలు ముట్టుకోకు అని పెరిగినదాన్ని. చెడిపోయిన ప్రతిదానికీ చివర తాకిన ఆడదాన్ని వెతకడం మన ఇళ్ళలో ఎంత పాత అలవాటో నాకు ఆ వారం బాగా తెలిసొచ్చింది. మా అమ్మ ముప్ఫై ఏళ్ళు తన కుట్టుమిషన్ తానే విప్పి, నూనె వేసి, బాబిన్ కేసు స్క్రూ సరిచేసి బిగించుకుంది. దాన్ని ఎవరూ రిపేరు అనలేదు, ఇంటిపని అన్నారు.

సరే, షార్టు వెతకాలి. షార్టంటే మరేం లేదు, కరెంటు బల్బులోనుంచో హారన్‌లోనుంచో పోవలసింది దగ్గరిదారిలో చట్రంలోకి దిగిపోవడం. దారిలో అడ్డేమీ ఉండదు కాబట్టి ఎంతైనా పారుతుంది, ఫ్యూజు పోతుంది. ఒక్కో పరీక్షకీ ఒక్కో ఫ్యూజు తగలేయక్కర్లేదు. పాత బ్రేకు లైటు బల్బు, పన్నెండు వోల్టులు ఇరవయ్యొక్క వాట్లది, ఫ్యూజు ఉండే చోట రెండు వైర్లతో తగిలించాను. ఇప్పుడు షార్టున్నా రెండు ఆంపియర్ల లోపే పారుతుంది, ఏమీ కాలదు. షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది. లేకపోతే ఆరే ఉంటుంది.

తాళం తిప్పకముందు వెలగలేదు. తిప్పితే వెలిగింది. అంటే బ్యాటరీ నుంచి తాళం దాకా వచ్చే ఎర్ర వైరు బాగానే ఉంది, తాళం దాటాక వచ్చే నల్ల వైరులో ఉంది జబ్బు. (ఇంట్లో మనకు నల్ల వైరంటే న్యూట్రల్. నా బండిలో కరెంటు మోసేదే నలుపు, ఆకుపచ్చ మాత్రం రెండు చోట్లా ఎర్తే.) హెడ్‌లైటు డొప్ప విప్పి కనెక్టర్లు ఒక్కొక్కటీ ఊడదీశాను. ఎడమ స్విచ్చు, కుడి స్విచ్చు, ఇండికేటర్లు. బల్బు ఆరలేదు. సీటు కింద వెనక లైటుకి పోయేది తీశాను. ఆరలేదు. చిట్టచివరికి హ్యాండిల్ కుడివైపు తిప్పితే ఆరింది! ఎడమవైపు తిప్పితే మళ్ళీ వెలిగింది. మా గేటులోంచి బయటపడాలంటే హ్యాండిల్ పూర్తిగా ఎడమకి తిప్పాలి.

ట్యాంకు ఎత్తి బండి మెడ దగ్గర టేపు విప్పుతూ పోయాను. నల్ల వైరులోంచి చీల్చి తీసిన ఒక తోక బయటపడింది, బెత్తెడు పొడుగు. ఎక్కడికీ పోదు. చివర చుట్టిన టేపు జిగురు కారి ఊడిపోయింది, రాగి బయటికొచ్చి చట్రానికి రాసుకుంటోంది. ఆ రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. ఒక్క ఆదివారంలో పట్టే చిలుము కాదది. నేను దుమ్ము దులిపినప్పుడు వైర్ల కట్ట వేలెడు జరిగి ఉంటుంది, అంతవరకు నిజం. పుండు మాత్రం ఏళ్ళనాటిది.

ఫొటో తీసి పంపితే తమ్ముడు కాసేపటికి ఫోను చేశాడు. పెళ్ళికి ముందు వాడు వేయించుకున్న రెండు గొంతుల హారన్ తాలూకు వైరట. తర్వాత హారన్ పీకేసిన షెడ్డాయన తోక వదిలేశాడు. "అయినా అక్కా, ఒకసారి మెకానిక్‌కి చూపెట్టు" అన్నాడు వాడు.

1888లో బెర్తా బెంజ్ భర్త కార్ల్ తయారు చేసిన మూడు చక్రాల కారులో ఇద్దరు కొడుకులతో మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి వంద కిలోమీటర్లకు పైగా వెళ్ళింది. దారిలో ఇంధనపు గొట్టం పూడిపోతే టోపీ పిన్నుతో పొడిచి తీసిందనీ, వైరు రాసుకుంటుంటే తన మేజోళ్ళ పట్టీ తీసి చుట్టిందనీ చెప్తారు. కారు చరిత్రల్లో ఈ పట్టీ సంగతి నవ్వుకోడానికి రాస్తారు. నాకు నవ్వు రాలేదు. ఆ దారిలో ఇన్సులేషన్‌కి దొరికింది అదే, ఎక్కడ చుట్టాలో ఆమెకి తెలుసు.

నేను ఆ తోక మొదలంటా కత్తిరించి, వైరు తెగిన చోట స్లీవు తొడిగి, హ్యాండిల్ తిరగడానికి కాస్త వదులుంచి కట్టను చట్రానికి కట్టాను. ఐదు రూపాయల ఫ్యూజు వేశాను. నెలన్నరైంది, అదే ఫ్యూజు ఉంది. వెనక ఎడమ ఇండికేటర్ మాత్రం కాస్త మసకగా వెలుగుతోంది. ఎర్త్ దగ్గర తుప్పు కావచ్చు. రెండో శనివారం విప్పి చూడాలి.